ఉత్తరాల పెట్టె తాళంచెవి ఎవరి దగ్గర?

మీకు ఈ-మెయిలు చిరునామా ఉందా? తొమ్మిదో తరగతిలోనో, పదో తరగతిలోనో ఈ ప్రశ్న అడిగితే చాలా చేతులు పైకి లేస్తాయి. "మరి దాని పాస్‌వర్డు మీకు తెలుసా?" అని అడిగితే వాటిలో కొన్ని మెల్లగా కిందికి దిగుతాయి. "ఆ పెట్టె తెరిచి ఆఖరిసారి ఎప్పుడు చూశారు?" అన్న మూడో ప్రశ్నకు నిలిచే చేతులు మరీ తక్కువ. కారణం ఏమంటే, ఆ చిరునామా మీరు పెట్టుకున్నది కాదు. ఏదో దరఖాస్తు నింపేటప్పుడు నెట్ సెంటరులోని అన్న నిమిషంలో తయారుచేసి పెట్టినది. లేదా ఫోను కొన్నరోజున దుకాణంలో వాళ్లే పెట్టి ఇచ్చినది.

ఇందులో నష్టమేముంది అంటారా? పదో తరగతి మంచి మార్కులతో ప్యాసైన ఒక అమ్మాయికి, సీటు ఖాయం చేసుకోమని ఒక కళాశాల నుంచి ఉత్తరం వచ్చింది. అది వెళ్లినది నెట్ సెంటరువారు పెట్టిన చిరునామాకు. ఆ దుకాణం అప్పటికే మూతపడింది. పాస్‌వర్డు రాసిన చీటీ ఎవరి దగ్గర ఉందో ఎవరికీ తెలియదు. గడువు దాటిన తరువాత గానీ ఇంట్లోవారికి సంగతి తెలియలేదు. పోస్టుమాన్ తెచ్చిన ఉత్తరం పక్కింట్లో పడితే, సాయంత్రానికైనా మన చేతికి వచ్చేది. ఈ ఉత్తరం మాత్రం ఎవరూ తెరవని పెట్టెలో ఈనాటికీ అలాగే ఉండి ఉంటుంది. ఉంటుందని కూడా చెప్పలేం. రెండేళ్లపాటు ఎవరూ వాడని ఖాతాలను తొలగించవచ్చునని గూగుల్ సంస్థ 2023లో నియమం పెట్టుకుంది. ఎనిమిదో తరగతిలో స్కాలర్‌షిప్పు దరఖాస్తు కోసం పెట్టిన చిరునామాను, ఇంటర్మీడియట్‌లో మళ్లీ వెతుక్కునే వారు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

అందుచేత నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. హైస్కూలు విడిచి వెళ్లేలోపు ప్రతి విద్యార్థీ, ప్రతి విద్యార్థినీ, బడిలోని కంప్యూటరు మీద ఒక ఉత్తరాల ప్రోగ్రామును సొంత చేతులతో అమర్చాలి. దానిలో నుంచి ఒక ఉత్తరం పంపాలి, ఒక జవాబు అందుకోవాలి. ఫోనులో కాదు, బ్రౌజరులో కాదు, ఉత్తరాల కోసమే చేసిన ప్రోగ్రాములో. నేను భౌతికశాస్త్రం చెప్పేవాడిని, కంప్యూటరు మాస్టారిని కాను. కాబట్టే ఈ మాట అంటున్నాను. ఘటం, బల్బు, తీగ మీ చేతికిచ్చి వలయం పూర్తిచేయమంటాం గదా? గోడ మీద స్విచ్చి నొక్కితే దీపం వెలుగుతుందని అందరికీ తెలుసు. అయినా తీగలు కలిపిన పిల్లవాడికి తెలిసేది వేరు, స్విచ్చి నొక్కిన పిల్లవాడికి తెలిసేది వేరు.

ఉత్తరాల ప్రోగ్రాము అంటే ఏమిటో కొందరు చూసి ఉండరు. థండర్‌బర్డ్ అనేది ఒకటి. ఉచితం. విండోస్ ఉన్న కంప్యూటరు మీదా నడుస్తుంది, లినక్స్ ఉన్న దాని మీదా నడుస్తుంది. దాని మొదటి పూర్తి రూపం 2004 డిసెంబరులో వచ్చింది. ఆఫీసుల్లో అవుట్‌లుక్ అనే మరో ప్రోగ్రాము ఎక్కువగా కనబడుతుంది. అంతకు చాలా ముందే, 1988లో, అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో స్టీవ్ డోర్నర్ అనే ఆయన యుడోరా అనే ప్రోగ్రాము రాశారు. యుడోరా వెల్టీ అనే రచయిత్రి పోస్టాఫీసులో కాపురం పెట్టిన ఒక మనిషి గురించి కథ రాసింది. పగలంతా ఉత్తరాల ప్రోగ్రాముతోనే గడిపిన డోర్నర్‌కు ఆ కథ గుర్తొచ్చి ఆమె పేరు పెట్టాడు. కంప్యూటరు మనుషులు కథలు చదవరని ఎవరన్నారు?

ఈ-మెయిలు వయసు ఇంకా పెద్దది. 1971లో రే టామ్లిన్‌సన్ అనే ఇంజనీరు, ఒకే గదిలో ఉన్న రెండు కంప్యూటర్ల మధ్య, ఆర్పానెట్ అనే నెట్‌వర్కు ద్వారా మొదటి ఉత్తరం పంపాడు. అందులో ఏం రాశాడో ఆయనకే తరువాత గుర్తులేదు. మనిషి పేరునూ, యంత్రం పేరునూ విడదీయడానికి ఒక గుర్తు కావలసి వచ్చింది. మనుషుల పేర్లలో ఎన్నడూ రాని గుర్తు అయితే మంచిదని, కీబోర్డు మీద ఉన్న @ ను ఎంచుకున్నాడు. అంతవరకూ అది కిరాణా చిట్టాల్లో "ఒక్కొక్కటి ఇంత చొప్పున" అని రాసుకునే గుర్తు. మీ చిరునామాలో @ కు ఎడమవైపున ఉన్నది మీ పేరు, కుడివైపున ఉన్నది మీ పోస్టాఫీసు పేరు. ఈ ఒక్క వాక్యం మరిచిపోకండి, మిగిలినదంతా దీని మీదనే నిలబడుతుంది.

మొదట్లో అందరూ ఉత్తరాల కోసం ప్రోగ్రాములనే వాడేవారు. 1996లో సబీర్ భాటియా, జాక్ స్మిత్ అనే ఇద్దరు హాట్‌మెయిల్ ప్రారంభించారు. భాటియా మన దేశంలో చదివి అమెరికా వెళ్లినవాడే. ఏ ఊళ్లో ఏ కంప్యూటరు ముందు కూర్చున్నా బ్రౌజరులోనే ఉత్తరాలు చదువుకోవచ్చు అన్నది వారి ఆలోచన. సొంత కంప్యూటరు లేనివారికి అది నిజంగా వరమే, కాదనను. కాని ఆ సౌకర్యంతో పాటు ఒక తెర కూడా దిగింది. ఉత్తరం ఎక్కడుంటుంది, ఎవరి చేతుల మీదుగా పోతుంది అన్న సంగతి ఆ తెర వెనక్కు వెళ్లిపోయింది.

థండర్‌బర్డ్ మొదటిసారి తెరిస్తే అది మూడు ప్రశ్నలు అడుగుతుంది: మీ పేరు, మీ చిరునామా, పాస్‌వర్డు. పెద్ద సంస్థల చిరునామా అయితే మిగిలిన వివరాలు అదే వెతికి తెచ్చుకుంటుంది. చాలామంది ఇక్కడ కళ్లు మూసుకుని "సరే" నొక్కేస్తారు. మీరు మాత్రం నొక్కకండి. అది తెచ్చిన వివరాలను ఒక కాగితం మీద రాసుకోండి. రెండు యంత్రాల పేర్లు కనిపిస్తాయి. జీమెయిల్ చిరునామా అయితే మొదటిది "ఐమ్యాప్ డాట్ జీమెయిల్ డాట్ కామ్", రెండవది "ఎస్ఎమ్‌టీపీ డాట్ జీమెయిల్ డాట్ కామ్". పక్కనే నెంబర్లు ఉంటాయి: మొదటి దానికి 993, రెండవ దానికి 465 లేదా 587.

రెండెందుకు? మీ ఊరి పోస్టాఫీసు గుర్తు తెచ్చుకోండి. మీకు వచ్చిన ఉత్తరాలు ఇచ్చే పని వేరు, మీరు వేసే ఉత్తరాలు తీసుకునే పని వేరు. ఎర్రడబ్బాలో ఉత్తరం ఎవరైనా వేయవచ్చు. మీ పేరిట వచ్చిన ఉత్తరం మాత్రం మీకే ఇవ్వాలి. పనులు వేరు కనుక పద్ధతులూ వేరు. ఆ నెంబర్లు పోస్టాఫీసులో కౌంటర్ల నెంబర్ల వంటివి. ఒకే భవనంలో మనియార్డరుకు ఒక కిటికీ, స్టాంపులకు ఒక కిటికీ ఉన్నట్లుగా, ఒకే సర్వరులో ఏ పనికి ఏ ద్వారమో ఆ నెంబరు చెబుతుంది. 993వ ద్వారంలోనూ, 465వ ద్వారంలోనూ జరిగే మాటలన్నీ మొదటినుంచీ రహస్య లిపిలోనే జరుగుతాయి. దారిలో ఎవరైనా చెవి పెట్టినా ఏమీ అర్థం కాదు. పాత రోజుల్లో ఇవే మాటలు పోస్టుకార్డులా బాహాటంగా వెళ్లేవి.

వచ్చిన ఉత్తరాలు అందుకోవడానికి రెండు పద్ధతులున్నాయి. పాప్ అనేది పాతది, 1984 నాటిది. పోస్టాఫీసుకు వెళ్లి ఉత్తరాలన్నీ సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చుకోవడం వంటిది. ఐమ్యాప్ అనేది 1986లో స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ క్రిస్పిన్ రూపొందించినది. ఇందులో ఉత్తరాలు పోస్టాఫీసులోనే ఉంటాయి. మీరు ఎక్కడినుంచైనా వెళ్లి చదువుకుంటారు, సర్దుకుంటారు. అందుకే ఫోనులో చదివిన ఉత్తరం కంప్యూటరులో కూడా చదివినట్లే కనబడుతుంది. అందుకే మరో చిక్కు కూడా: ఐమ్యాప్ పద్ధతిలో ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోతుంది. "నా కంప్యూటరులో కదా తీసేశాను, ఫోనులో ఎందుకు పోయింది?" అని అడిగేవారు ఈ తేడా తెలియనివారే. దాచుకోదగ్గ ఉత్తరాన్ని థండర్‌బర్డ్‌లో స్థానిక ఫోల్డరులోకి లాగి పెట్టుకుంటే, అది అచ్చంగా మీ కంప్యూటరులోనే ఉంటుంది. నెట్టు లేకపోయినా తెరుచుకుంటుంది.

పాస్‌వర్డు దగ్గర ఒక మాట. ఈ రోజుల్లో జీమెయిల్ వంటి ఖాతాకు థండర్‌బర్డ్ మీ పాస్‌వర్డు తనే అడిగి దాచుకోదు. గూగుల్‌వారి కిటికీ ఒకటి తెరుస్తుంది. మీరు పాస్‌వర్డు ఆ కిటికీలో ఇస్తారు. గూగుల్ ఈ ప్రోగ్రాముకు ఒక గేటుపాసు వంటిది రాసి ఇస్తుంది. అక్కర లేనప్పుడు ఆ పాసును రద్దుచేయవచ్చు, పాస్‌వర్డు మార్చవలసిన పని లేదు. ఇంటి తాళంచెవి పనివాడి చేతికి ఇవ్వకుండా, ఒక్క వసారా తలుపే తెరిచిపెట్టడం వంటిది ఇది. బడి కంప్యూటరు పదిమందీ వాడేది కనుక, అక్కడ మీ సొంత ఖాతా పెడితే పీరియడు అయ్యేలోపు తప్పకుండా తీసేయాలి సుమా! ఇంకా మంచి పద్ధతి, తరగతి పేరిట ఒక చిరునామా పెట్టి, అభ్యాసమంతా దానితోనే చేయడం. చాలా సంస్థలు సొంత ఖాతాకు కనీసం 13 ఏళ్లు నిండాలంటాయి. చిన్న తరగతులవారు అమ్మానాన్నల ద్వారానే పెట్టుకోవాలి.

ఇక పంపడం. నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. మీరు "పంపు" అనే మీట నొక్కగానే మీ ప్రోగ్రాముకూ సర్వరుకూ మధ్య ఒక సంభాషణ నడుస్తుంది. దాన్ని మన మాటల్లో చెబితే ఇలా ఉంటుంది.

"220, సిద్ధంగా ఉన్నాను."
"నమస్కారం, నేను ఫలానా కంప్యూటరును."
"250, సరే."
"ఫలానావారి నుంచి ఉత్తరం తెచ్చాను."
"250, సరే."
"ఫలానావారికి అందాలి."
"250, సరే."
"ఇక ఉత్తరం చదువుతాను, రాసుకో."
"354, చదువు. అయిపోయాక ఒక వరుసలో చుక్క ఒక్కటే పెట్టు."
ఉత్తరం, చివర ఒంటరి చుక్క.
"250, తీసుకున్నాను."

ఈ మర్యాదలన్నీ జాన్ పోస్టెల్ అనే శాస్త్రజ్ఞుడు 1982లో రాసిపెట్టిన పద్ధతి ప్రకారం జరుగుతాయి. మాటలన్నీ నాలుగక్షరాలకే కుదించారు కనుక, "హలో" అనే ఇంగ్లీషు మాటలో కూడా ఒక "ఎల్" ఎగరగొట్టారు! నలభై ఏళ్లు దాటినా పద్ధతి మూలంలో మారలేదు. భద్రత కోసం కొన్ని మెరుగులు మాత్రం దిద్దారు. "ఉత్తరం మధ్యలోనే ఒక వరుసలో ఒంటి చుక్క వస్తే సగంలో తెగిపోదా?" అని మీలో ఒకరు తప్పక అడుగుతారు. అడగాలి కూడా. చుక్కతో మొదలయ్యే ప్రతి వరుసకూ మీ ప్రోగ్రాము ముందు ఇంకో చుక్క చేరుస్తుంది. అవతలి సర్వరు దాన్ని తీసేస్తుంది.

ఆ సంభాషణను మళ్లీ ఒకసారి చదవండి. "ఫలానావారికి అందాలి" అన్న మాట, "ఉత్తరం చదువుతాను" అనడానికి ముందే వచ్చింది గదా! అంటే కవరు వేరు, లోపలి కాగితం వేరు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే రెండు ముడులు విడిపోతాయి.

ఒకటి, "బీసీసీ" అనే గడి. "సీసీ" అంటే కార్బన్ కాపీ. టైపు మిషను రోజుల్లో నీలం కార్బన్ కాగితం పెట్టి తీసిన నకలు. బీసీసీలో రాసిన చిరునామా కవరు మీదికి వెళుతుంది, లోపలి కాగితం మీదికి వెళ్లదు. అందుకే ఉత్తరం వారికి అందుతుంది, కాని మిగిలినవారికి వారి పేరు కనబడదు. నలభైమంది తల్లిదండ్రులకు ఒకేసారి కబురు పంపేటప్పుడు, అందరి చిరునామాలూ అందరికీ పంచిపెట్టకుండా ఉండడానికి దీన్ని వాడాలి.

రెండవది ఇంకా ముఖ్యం. ఉత్తరం లోపల "ఇట్లు ఫలానా" అని ఏ పేరైనా రాయవచ్చు. ఇన్‌లాండు కవరు వెనుక నేను ముఖ్యమంత్రిగారి పేరు రాసి డబ్బాలో వేస్తే పోస్టాఫీసు ఆపుతుందా? ఈ-మెయిలు కూడా పుట్టుకతో అంతే. ఇప్పుడు పెద్ద సర్వర్లు ఉత్తరం వచ్చిన దారిని పరీక్షించి, పంపిన సంస్థ వేసిన ముద్ర సరిపోయిందో లేదో చూస్తున్నాయి. అయినా పైన కనిపించే పేరును చూసి నమ్మకూడదు. "మీకు స్కాలర్‌షిప్పు మంజూరైంది, ఈ లంకె నొక్కి బ్యాంకు వివరాలు ఇవ్వండి" అని వస్తే, పేరును కాదు, @ కు కుడివైపున ఏముందో చూడండి. ప్రభుత్వ శాఖ పేరు పెట్టుకుని ఊరూపేరూ లేని పోస్టాఫీసు నుంచి వచ్చిందంటే చెత్తబుట్టలోకే. కుడివైపు సరిగ్గా కనిపించినా బ్యాంకు వివరాలు మాత్రం ఉత్తరంలో అడిగినవారికి ఇవ్వకండి. బడిలో పెద్దవారికి చూపండి. ఫోనులో చాలాసార్లు పేరు మాత్రమే పెద్దగా కనబడుతుంది, చిరునామా దాగి ఉంటుంది. నేను కంప్యూటరు ప్రోగ్రామునే పట్టుకుని ఎందుకు వేలాడుతున్నానో ఇప్పుడు కొంత అర్థమై ఉండాలి.

తిరిగివచ్చిన ఉత్తరాలను కూడా చదవడం నేర్చుకోవాలి. పాత రోజుల్లో "చిరునామాదారు లేరు" అని రాసి పోస్టుమాన్ ఉత్తరం వెనక్కు పంపేవాడు. ఇక్కడ ఆ పని 550 అనే నెంబరు చేస్తుంది. నెంబరు 5తో మొదలైతే ఇక ఆశ లేదు, చిరునామా సరిచూసుకోవాలి. 4తో మొదలైతే ఇప్పుడు కుదరలేదు, మళ్లీ ప్రయత్నిస్తానని అర్థం. అవతలి సర్వరు పడుకుని ఉంటే, పంపే సర్వరు మామూలుగా నాలుగైదు రోజులపాటు మళ్లీ మళ్లీ తలుపు తడుతుంది. అప్పటికీ కాకపోతే మీకు కబురు చెబుతుంది. "పంపాను, పోలేదు" అని మా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది తిరిగివచ్చిన ఆ ఉత్తరాన్ని ఇంగ్లీషులో ఉందని తెరవకుండానే చెరిపేస్తారు. ఆ మూడంకెల కోసం ఒక్కసారి తెరవండి.

ఇప్పుడు మన తెలుగు సంగతి. 1982 నాటి పద్ధతిలో ఉత్తరం అంటే ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులు; అన్నీ కలిపి 128 గుర్తులే. "అమ్మ" అని రాయడానికి వీలు లేదు. 1990ల తొలినాళ్లలో విదేశాల్లో చదువుకుంటున్న తెలుగువారు ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాసుకునేందుకు ఒక కట్టుబాటు ఏర్పరచుకున్నారు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టింది కనుక దానికి ఆ పేరే వచ్చింది. వారికి గత్యంతరం లేక అలా రాశారు. మీకు ఆ ఇబ్బంది లేదు. అయినా మీరు ఇంకా ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాస్తున్నారంటే అది ఒట్టి బద్ధకమని నా ఉద్దేశం.

దారి ఎలా దొరికిందో చూడండి. 1991లో వచ్చిన యూనికోడు పట్టికలో మన అక్షరాలకు 128 గదులు కేటాయించారు. 1992లో నెథానియల్ బోరెన్‌స్టైన్, నెడ్ ఫ్రీడ్ అనే ఇద్దరు, బొమ్మలైనా పాటలైనా ఏ భాష అయినా ఇంగ్లీషు అక్షరాల వేషం వేసుకుని ఉత్తరంలో ప్రయాణించే పద్ధతి ప్రకటించారు. దాని పేరు మైమ్. ఆ వేషాల్లో ఒకటి బేస్-64. అందులో ఉన్నవి 64 గుర్తులు: ఇంగ్లీషు పెద్ద అక్షరాలు 26, చిన్న అక్షరాలు 26, అంకెలు 10, ఇంకో రెండు గుర్తులు. మూడు బైట్లు, అంటే 24 బిట్లు తీసుకుని, ఆరేసి బిట్లుగా నాలుగు ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ఒక్కో గుర్తు ఇస్తారు. మూడు పోయి నాలుగు వస్తాయి గనుక, 3 మెగాబైట్ల ఫోటో జతచేస్తే ఉత్తరంలో 4 మెగాబైట్లు అవుతుంది. "ఇంత చిన్న ఫోటోకు ఇంత బరువెందుకు?" అన్న ప్రశ్నకు జవాబు ఇదే.

గుణింతం గానీ, ఒత్తు గానీ లేని ఒక్కో తెలుగు అక్షరం ఉత్తరంలో మామూలుగా మూడు బైట్లు పడుతుంది. కాబట్టి ఒక్కో అక్షరం నాలుగు గుర్తులవుతుంది. "అ" తీసుకుందాం. దాని మూడు బైట్లు: 11100000, 10110000, 10000101. ఆరేసిగా విడగొట్టండి: 111000, 001011, 000010, 000101. అంటే 56, 11, 2, 5. పట్టికలో లెక్క సున్నా నుంచి మొదలవుతుంది: పెద్ద "ఎ" 0, పెద్ద "బి" 1, ఇలా పెద్ద "జెడ్" 25, చిన్న "ఎ" 26, చిన్న "జెడ్" 51, ఆ తరువాత అంకెలు. ఈ లెక్కన 56 అంటే 4 అనే అంకె, 11 అంటే పెద్ద "ఎల్", 2 అంటే పెద్ద "సి", 5 అంటే పెద్ద "ఎఫ్". "అ" అనే అక్షరం దారిలో "4-ఎల్-సి-ఎఫ్" అనే వేషంలో పోతుందన్నమాట.

మిగిలిన అక్షరాలు కూడా కట్టి చూస్తే ఒక తమాషా బయటపడుతుంది. అచ్చులకూ హల్లులకూ మొదటి మూడు గుర్తులు దాదాపు ఎప్పుడూ "4-ఎల్-సి" నే! నాలుగోది మాత్రం మారుతుంది. "ఆ" కు పెద్ద "జి", "ఇ" కు పెద్ద "హెచ్". "క ఖ గ ఘ ఙ" లకు వరుసగా పెద్ద "వి, డబ్ల్యు, ఎక్స్, వై, జెడ్". అక్కడితో పెద్ద అక్షరాలు అయిపోయి, "చ" తో చిన్న "ఎ" మొదలవుతుంది. "ట" కు చిన్న "ఎఫ్", "త" కు చిన్న "కె", "న" కు చిన్న "ఓ". "ప" దగ్గర ఒక్క గుర్తు దాటిపోయి చిన్న "క్యూ" వస్తుంది. మధ్యలోని "పి" ఏమైంది? ప్రధాన భారతీయ లిపులకు ఒకే క్రమంలో గదులు వేశారు. తమిళానికీ, దేవనాగరికీ ఆ గదిలో ఇంకో రకం "న" ఉంది. మనకు లేదు కనుక మన గది ఖాళీ. మన వర్ణమాలలోని వర్గాల క్రమం, ఎక్కడో అమెరికాలో పుట్టిన ఉత్తరాల పద్ధతిలో చెక్కుచెదరకుండా నిలిచి ఉండడం చూస్తే నాకు ముచ్చట వేస్తుంది. బ్లాక్‌బోర్డు మీద ఈ పట్టిక వేసిన రోజున గంట కొట్టినా పిల్లలు లేవరు.

ఇది కంటితో చూడవచ్చు. మీ తరగతి చిరునామా నుంచి అదే చిరునామాకు ఒక ఉత్తరం పంపండి. విషయం రాసే గడిలో ఒకే ఒక్క తెలుగు మాట రాయండి. రెండు మాటలైతే మధ్యలోని ఖాళీ ఒక బైటు జరిపేసి ఈ వరుసను చెదరగొడుతుంది. ఉత్తరం వచ్చాక థండర్‌బర్డ్‌లో కంట్రోల్ మీట పట్టుకుని "యు" నొక్కండి. ముసుగు తీసిన ఉత్తరం తెరుచుకుంటుంది. ఏ సర్వరు నుంచి ఏ సర్వరుకు ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు చేరిందో, పోస్టాఫీసు ముద్రల్లాగా ఒకదానిపై ఒకటి ఉంటాయి. కింది ముద్ర మొదటిది, పై ముద్ర చివరిది. విషయం అన్న చోట మీ తెలుగు మాట, 4-ఎల్-సి వేషంలో దొరికిపోతుంది.

ఇదంతా విని మా సాటి ఉపాధ్యాయులు రెండు అభ్యంతరాలు చెబుతారు. ఒకటి, సిలబస్‌లో లేదు. నిజమే. కాని ద్విసంఖ్యామానం లెక్కల్లో నేర్చుకుంటున్నప్పుడు, పైన చేసిన విభజన కన్నా మంచి అభ్యాసం నాకు కనబడలేదు. రెండవది, "అందరి దగ్గరా ఫోనుంది, అందులో ఉత్తరాలున్నాయి, ఇంకా కంప్యూటరు ప్రోగ్రాము ఎందుకు?" ఇది బలమైన మాటే, తోసిపుచ్చను. ఫోనులోని ఉత్తరాల యాప్ కూడా లోపల ఈ పనులే చేస్తుంది. థండర్‌బర్డే 2024లో ఆండ్రాయిడ్ ఫోన్లలోకి వచ్చింది. అయితే ఆ ఫోను చాలా ఇళ్లలో నాన్నది, లేదా అన్నది. సాయంత్రం దాకా అది పొలంలోనో, ఆటోలోనో తిరుగుతూ ఉంటుంది. బడి కంప్యూటరు మీ అందరిది. నెట్టు లేని వేళలో కూడా థండర్‌బర్డ్‌లో ఉత్తరం రాసి "తరువాత పంపు" అని పక్కన పెట్టవచ్చు. నెట్టు వచ్చాక పంపవచ్చు. రోజుకు గంటసేపు మాత్రమే నెట్టు నిలిచే బడికి ఇంతకన్నా అనుకూలమైనది ఏముంది? పైగా రెండు చేతులతో టైపుచేసి, పేరా విడగొట్టి, "గౌరవనీయులైన" అని మొదలుపెట్టి "ఇట్లు" అని ముగించే ఉత్తరం బొటనవేలితో రాయడం కష్టం. దరఖాస్తు రాసే రోజు వచ్చినప్పుడు ఆ తేడా చదివేవారికి తెలుస్తుంది.

మూడో అభ్యంతరం ఎవరూ పైకి చెప్పరు, నేను చెబుతాను: బడి కంప్యూటర్లు బీరువా వెనుక గుడ్డ కప్పుకుని ఉన్నాయి. ఆ గుడ్డ తీయించే పని మీది. ప్రధానోపాధ్యాయులవారికి అర్జీ రాయండి, కాగితం మీదనే రాయండి. నలుగురు నలుగురు జట్టుగా, శనివారం ఒక పీరియడు చాలు. ఆ వారంలోనే ఇంటికి వెళ్లి, మీ పేరిట ఉన్న పాత చిరునామా ఎవరు పెట్టారో, దానికి పాస్‌వర్డు ఏమిటో, అది తిరిగి పొందడానికి ఇచ్చిన ఫోను నెంబరు ఎవరిదో అడిగి తెలుసుకోండి. ఆ నెంబరు నెట్ సెంటరువారిది అయితే ఆ రోజే మార్చించండి. ఇది మాత్రం శనివారం దాకా ఆగవద్దు.

పట్టిక వేసుకున్నవారికి ఒక చిన్న లెక్క. మూడక్షరాల మాట ఒకటి ఈ వేషంలో వచ్చింది: "4-ఎల్-సి-చిన్న క్యూ, 4-ఎల్-సి-చిన్న వై, 4-ఎల్-సి-పెద్ద వి." మీ తాతగారు చదువు మొదలుపెట్టిన రోజున చేతిలో ఉన్న వస్తువు అది. జవాబును మీ తరగతి చిరునామా నుంచి మీ సైన్సు మాస్టారికి పంపండి. విషయం గడిలో తెలుగులోనే రాయండి.